గోరంత విమానం... కొండంత పొరపాటు!

"ఆంటీ, నా విమానాల్లో తప్పేంటి? చెప్తే దిద్దుకుంటాను."

అడిగిన పిల్ల ఎనిమిదో తరగతి. రెండు జడలు, చేతిలో చెప్పుల డబ్బా మూత. ఆ మూతలో దూది పరిచి, దాని మీద నాలుగు బుల్లి విమానాలు పెట్టుకుంది. ఒక్కోటీ నా బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, అంతే. నేను కళ్ళజోడు సవరించుకుని, చేతిలో భూతద్దం ఆడిస్తూ, అన్నీ తెలిసినదాన్నిలా చెప్పాను.

"ఇవి జెట్ విమానాలు కదమ్మా! జెట్ విమానానికి తోకలో కన్నం ఉండాలి. మంట అక్కణ్ణించేగా వచ్చేది? నీ వాటికి తోకలు మూసుకుపోయి ఉన్నాయి చూడు."

ఆ పిల్ల ఏదో అనబోయి ఆగిపోయింది. "సరే ఆంటీ" అని తల వంచుకుంది. నేను 5 మార్కులు తీసేశాను. ఆ 5 మార్కులతోనే ఆ పిల్లకి రావాల్సిన మొదటి బహుమతి పక్క బల్ల మీద ఉన్న అబ్బాయికి వెళ్ళిపోయింది.

తప్పు ఆ పిల్లది కాదు, నాది. ఆ సంగతి తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. తెలిశాక నిద్ర పట్టలేదు. 'పిల్లల బొమ్మలకింత రాద్ధాంతమా!' అని మీరు నవ్వుకోవచ్చు. మా వారూ అదే అన్నారు. చివరిదాకా చదివి మీరే చెప్పండి.

అడుగు పొడవు ఓడ

ఇంతకీ వంటా వార్పూ, కుట్లూ అల్లికలూ తప్ప ఇంకో ధ్యాస లేని నేను విమానాల మీద తీర్పులు చెప్పేదాకా ఎలా వచ్చానో చెప్పాలి కదూ?

మావారు నేవీలో పనిచేసి రిటైరయ్యారు. మా కాపురం మొదట్లో కొన్నాళ్ళు బొంబాయిలో. అప్పుడాయన ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ మీద, బాయిలర్ల దగ్గర పని. మన దేశానికి మొదటి విమానవాహక నౌక అది. బ్రిటన్‌లో కట్టడం మొదలుపెట్టి సగంలో ఆపేసిన ఓడని మనవాళ్ళు కొని పూర్తి చేయించుకున్నారు. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్ రేవులో అది మన నేవీలో చేరింది.

మా విశాఖకీ దానికీ ఒక బంధం ఉంది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విక్రాంత్‌ని వెతుక్కుంటూనే ఈ తీరానికి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. ఘాజీ మాత్రం డిసెంబరు 3 రాత్రి దాటి 4 వచ్చే వేళ విశాఖ సముద్రంలో మునిగిపోయింది. 4వ తేదీనే విక్రాంత్ డెక్కు మీంచి సీహాక్ విమానాలు లేచి కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. ఆర్.కె. బీచ్‌లో ఉన్న 'విక్టరీ ఎట్ సీ' స్తూపం ఆ యుద్ధానికి గుర్తే.

విక్రాంత్ 1997లో రిటైరయింది. తర్వాత కొన్నేళ్ళు ముంబైలో మ్యూజియంగా ఉంది. చివరికి 2014లో దాన్ని ముక్కలు చేయడానికి ఇచ్చేశారు. ఆ వార్త విన్న రోజు మావారు కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని లేచిపోయారు. "ఇంటికి పెద్ద పోయినట్టుందే" అన్నారు. 2016లో బజాజ్ వాళ్ళు ఆ ఓడ ఇనుము కొంత కలిపి మోటారు సైకిలు చేశారని తెలిసి, వీధిలో ఆ బండి కనిపిస్తే ఇప్పటికీ ఆగి చూస్తారు.

ఆ దిగులు పోగొట్టడానికే నేనన్నాను. "పోనీ మనమే ఒకటి చేసుకుందాం. బొమ్మల కొలువుకి మట్టి గుళ్ళు చేసిన చేతులేగా ఇవి!"

1/700 కొలతలో చేద్దామన్నారు ఆయన. అంటే అసలు ఓడ 700 మీటర్లుంటే బొమ్మ 1 మీటరన్న మాట. ఇది మా సొంత లెక్కేం కాదు. 1971లో జపాన్‌లోని షిజువోకా ఊరి బొమ్మల కంపెనీలు నాలుగు కలిసి, అన్ని యుద్ధనౌకలనీ ఇదే కొలతలో చేయాలని ఒప్పందానికొచ్చాయి. అప్పట్నుంచీ ఓడల బొమ్మలు చేసేవాళ్ళలో ఇది బాగా పాతుకుపోయింది. విక్రాంత్ విషయంలో ఆ లెక్క ఎంత సులువో చూడండి. అసలు ఓడ పొడవు 700 అడుగులు. కాబట్టి బొమ్మ సరిగ్గా 1 అడుగు! స్కూలు స్కేలు పక్కన పెట్టుకుంటే చాలు.

పని పంచుకున్నాం. ఓడ ఆయనది, విమానాలు నావి. ఆయన చేతులు మోటు. పైగా బాయిలర్ రూము మనిషి. "పైన విమానాలు లేస్తుంటే మేం కింద చెమటలు కక్కేవాళ్ళం. డెక్కు మీదకొచ్చి గాలి పీల్చుకున్నదే తక్కువ" అనేవారు. నాకేమో బియ్యంలో మట్టిగడ్డలు ఏరిన కళ్ళు, జాకెట్లకి పూసలు కుట్టిన వేళ్ళు. పాత టూత్ బ్రష్ కాడని ఆకురాయితో అరగదీస్తే విమానం ఒళ్ళు. చెల్లిపోయిన ఏటీఎం కార్డుని కత్తిరిస్తే రెక్కలు. ఫెవిక్విక్ చుక్కని గుండుసూది మొనతో అంటించాలి, సీసాతో వంపితే అంతా ముద్దయిపోతుంది.

సీహాక్ అసలు పొడవు సుమారు 12 మీటర్లు. మన కొలతలో 17 మిల్లీమీటర్లు. రెక్కలు విప్పితే ఆ చివర నుంచి ఈ చివరికీ దాదాపు అంతే. ఓడ లోపలికి లిఫ్టులో దింపాలంటే రెక్కలు పైకి ముడవాలి. ముడిస్తే అసలు విమానం వెడల్పు 4 మీటర్లకొస్తుంది, మన బొమ్మ 6 మిల్లీమీటర్ల లోపు. ఒక బియ్యపు గింజ పొడవన్నమాట! దాని పక్కన నిలబడే మనిషి నువ్వు గింజ కంటే చిన్న.

అలా ఆరు సీహాక్‌లు, రెండు అలీజేలు చేశాను. ఆఖర్న సూదిని కొవ్వొత్తి మీద ఎర్రగా కాల్చి, ఆరు సీహాక్‌ల తోకల్లోనూ గుండ్రంగా కన్నాలు పెట్టాను. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా చూడలేదు. జెట్ అంటే కన్నం ఉండాలనుకున్నాను, పెట్టేశాను. చూసినవాళ్ళంతా "అబ్బ, ఎంత బాగా చేశారండీ!" అన్నారు. మా ఇంటి షోకేసులో ఆ ఓడ ఉందన్న మాట కాలనీ దాటి పాకింది.

జడ్జీనయ్యాను

2018 డిసెంబరులో నేవీ డే సందర్భంగా మా దగ్గర్లోని ఒక బడిలో పిల్లల చేత ఓడలూ విమానాల బొమ్మలూ చేయించి ప్రదర్శన పెట్టారు. న్యాయనిర్ణేతగా మావారిని పిలిచారు. ఆయనకి అదే వారం కంటి శుక్లం ఆపరేషన్. "నువ్వెళ్ళవే. విమానాలు నాకంటే నీకే బాగా తెలుసు" అన్నారు. పట్టుచీర కట్టుకుని, భూతద్దం బ్యాగులో వేసుకుని వెళ్ళాను. ఎవరో మెడలో దండ కూడా వేశారు. ఇంక చూస్కోండి!

ఆ రోజు మొదటి బహుమతి వచ్చిన అబ్బాయి మొత్తం విక్రాంత్ డెక్కే చేశాడు. విమానాలు తళతళా మెరుస్తున్నాయి. ఒంటి మీద రేకులు అతికించిన గీతలు కూడా గీశాడు. మూడు రంగుల గుండ్రాలు అంటించాడు. తోకల్లో కన్నాలున్నాయి. చూడగానే నా మనసు ఎగిరి గంతేసింది. ఎందుకంటే అవి అచ్చం నేను చేసినవాటిలాగే ఉన్నాయి.

నా పొరపాటంతా అక్కడే ఉంది. అసలు విమానంతో పోల్చాల్సిన బొమ్మని మా ఇంటి షోకేసులో బొమ్మతో పోల్చాను. కొలబద్ద నేనైపోయాను. కొలబద్దే వంకరగా ఉంటే ఇంక కొలత ఏం సరిగ్గా ఉంటుంది?

చెప్పుల డబ్బా మూతలో విమానాలకి మెరుపు లేదు. రంగు కాస్త వెలిసినట్టుంది. గీతలు లేవు, తోకలో కన్నం లేదు. మూడో బహుమతి ఇచ్చి వచ్చేశాను.

గోవాలో కళ్ళు తెరిపించింది

2019 ఫిబ్రవరిలో అబ్బాయీ కోడలూ మమ్మల్ని గోవా తీసుకెళ్ళారు. వాళ్ళు పిల్లల్ని తీసుకుని బీచికి పోయారు. మావారు మాత్రం "నాకా నీళ్ళు కొత్తా ఏటి? మ్యూజియం చూద్దాం పద" అన్నారు. అక్కడ విమానాశ్రయానికి దగ్గర్లో బోగ్మాలో వెళ్ళే దారిలో నౌకాదళ విమానాల మ్యూజియం ఉంది. 1998లో పెట్టారు. ఆరు బయట అసలు విమానాలే నిలబెట్టి ఉంటాయి.

సీహాక్ దగ్గరికి వెళ్ళేసరికి నాకు పుట్టింటివాళ్ళని చూసినట్టయింది. ఆరు చేశాను, ఒక్కసారైనా అసలుది చూడలేదు! ముందు నుంచి చూశాను. ముక్కు కింద చక్రం, రెక్కల మొదట్లో అటొకటి ఇటొకటి గాలి పీల్చే నోళ్ళు. అన్నీ సరిగ్గానే చేశాననుకుంటూ వెనక్కి నడిచాను.

తోకలో కన్నం లేదు.

తోక సన్నగా, నున్నగా, కొస దాకా వచ్చి ముగిసిపోయింది. కింద డెక్కు మీది తీగని పట్టుకునే కొక్కెం ఉంది, అంతే. "ఏమండీ, ఇక్కడ పెట్టేటప్పుడు కన్నం పూడ్చేశారంటారా?" అన్నాను. మావారు కళ్ళు చిట్లించి చూసి, "నాకేటి తెల్సు? నేను బాయిలర్ రూము" అన్నారు.

పక్కనే తెల్ల మీసాల పెద్దాయన ఒకాయన మనవడికి చూపిస్తున్నాడు. ఆ విమానాల దగ్గరే పనిచేసి రిటైరయ్యాట్ట. అడిగితే నవ్వి, మమ్మల్ని రెక్క వెనక్కి తీసుకెళ్ళాడు. రెక్క ఒంటికి అతుక్కునే చోట, వెనక అంచున, అటొక గొట్టం నోరు, ఇటొక గొట్టం నోరు. "అమ్మా, దీనికి ఇంజను ఒక్కటే. కానీ దాంట్లోంచి వచ్చే వేడి గాలి లోపలే రెండు పాయలుగా చీలి ఇలా పక్కల నుంచి పోతుంది. అందుకే తోక ఖాళీ. ఆ జాగాలో పెట్రోలు ట్యాంకు పెట్టారు" అని విడమరిచి చెప్పాడు.

కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. సరిగ్గా ఆ పిల్ల చేసినట్టే ఉంది. రెక్కల మొదట్లో రెండు చుక్కలు కూడా పెట్టింది ఆ పిల్ల! నేను వాటిని రంగు చిందిందనుకున్నాను.

ఆయనే మమ్మల్ని అలీజే దగ్గరికీ తీసుకెళ్ళాడు. అది జలాంతర్గాముల్ని వెతికే ఫ్రెంచి విమానం, ముగ్గురు కూర్చుంటారు. రెక్కలకి రెండు లావుపాటి తొట్టెల్లాంటివి ఉంటాయి. చూడగానే రెండు ఇంజన్లనుకుంటాం. కాదు! ఉన్నది ముక్కు దగ్గర ఒక్క ఇంజను, ఒక్కటే ఫ్యాను. ఆ తొట్టెల్లోకి ముడుచుకునేవి చక్రాలు. "చాలామంది వీటికి కూడా ఫ్యాన్లు అంటించేస్తారమ్మా" అన్నాడాయన. ఇంకా నయం, నేనా పని చేయలేదు.

సీ హారియర్ దగ్గర మరో పాఠం. ఓడ మీద విమానం కదా అని దాని రెక్కలు ముడిచి చేసే పిల్లలుంటారు. ఆ విమానం రెక్కలు ముడుచుకోవు. రెక్కలే పొట్టి, విప్పినా 7.7 మీటర్లే. లిఫ్టులో పట్టడానికి దాని ముక్కుని పక్కకి మడుస్తారు!

ఆ రాత్రి హోటల్లో నిద్రపోలేదు. "పోనీలేవే, పిల్లల బొమ్మలకే!" అన్నారు మావారు.

"బొమ్మలు బొమ్మలే. కానీ ఆ పిల్ల పడ్డ కష్టం నిజమే కదండీ! నేను తీసిన మార్కులూ నిజమేగా?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి, "ఊరెళ్ళాక కనుక్కుందాం" అన్నారు.

నాలుగు కన్నాలు

బడి టీచరమ్మని అడిగి, ఫోను చేయించి, ఒక ఆదివారం ఆ పిల్ల ఇంటికి వెళ్ళాను. తండ్రి డ్యూటీలో ఉన్నాడు. తల్లి కుర్చీ వేసి, టీ పెట్టి, "మా పాప ఏమైనా తప్పు చేసిందా అమ్మా?" అంది భయంగా. నాకు టీ గొంతు దిగలేదు.

"నీ విమానాలు ఒకసారి చూపిస్తావా?" అన్నాను. ఆ పిల్ల అలమర పైనుంచి డబ్బా దించింది. మూత మీద దుమ్ము. "ఆ రోజు నుంచీ ముట్టుకోలేదండి. అంతకుముందు అన్నం తింటూ కూడా వాటినే చూసుకునేది" అంది తల్లి.

డబ్బా తెరిచాను. నాలుగు విమానాలున్నాయి. నాలుగింటి తోకల్లోనూ కన్నాలున్నాయి.

"మీరు చెప్పారు కదాంటీ! ఇంటికొచ్చాక పిన్నీసు కాల్చి పెట్టాను" అంది ఆ పిల్ల.

"మరి మొదట కన్నం లేకుండా ఎందుకు చేశావమ్మా?"

లోపలికి వెళ్ళి పాత పుస్తకంలోంచి కత్తిరించిన ఫోటో ఒకటి తెచ్చింది. సీహాక్‌ని పక్క నుంచి, కాస్త వెనక నుంచి తీసిన ఫోటో. తాతగారి పెట్టెలో దొరికిందట. రెక్క మొదట్లో గొట్టం నోరు చక్కగా కనిపిస్తోంది.

"ఇది నీ దగ్గరుంటే ఆ రోజే చూపించొచ్చుగా?"

"మీరు జడ్జి కదాంటీ. మీకే తెలుస్తుందనుకున్నాను. ఫోటోనే తప్పేమో అనుకున్నాను."

ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతిలో సాక్ష్యం పెట్టుకుని, పెద్దవాళ్ళ మాట ముందు తన కళ్ళనే నమ్మడం మానేసింది ఆ పిల్ల. మనం ఆడపిల్లల్ని పెంచే తీరులో ఇది కొత్తేం కాదు. ఎదురు చెప్పకు, పెద్దవాళ్ళకి తెలుసు, సరే అను. నేనూ అలాగే పెరిగాను. అదే అలవాటుని ఇంకో పిల్ల మెడకి చుట్టి వచ్చాను.

"తప్పు నాదమ్మా. నీ ఫోటో కరెక్టు. నువ్వు చేసింది కరెక్టు" అన్నాను. గోవాలో తీసిన ఫోటోలు ఫోనులో చూపించాను. చాలాసేపు చూసింది. చివరికి "అయితే వీటిని పూడ్చేయొచ్చా?" అంది.

ఇద్దరం కూర్చుని పూడ్చాం. కన్నంలో పుట్టీ పెట్టి, ఆరాక సన్న ఉప్పు కాగితంతో రుద్దాలి. కాల్చిన చోట ప్లాస్టిక్ పెళుసెక్కిపోయింది. రెండు నిలిచాయి. రెండింటి తోకలు చేతిలోనే విరిగిపోయాయి. "మళ్ళీ చేస్తాను లెండి ఆంటీ" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

తర్వాత బడికి వెళ్ళి పెద్ద పంతులుగారితో జరిగింది చెప్పాను. ఇచ్చేసిన బహుమతి ఆ అబ్బాయి దగ్గర్నుంచి వెనక్కి తీసుకోవడం బాగుండదన్నారు. నిజమే, ఆ అబ్బాయి మాత్రం ఏం చేశాడు పాపం? అయితే ప్రార్థన వేళ పిల్లలందరి ముందూ నా పొరపాటు నేనే చెప్పుకుంటానంటే సరేనన్నారు. చెప్పాను. అరవై దాటిన మనిషి మైకులో 'నేను తప్పు చేశాను' అంటే పిల్లలు నవ్వుతారేమో అనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు.

కిందికి దిగగానే ఆ మొదటి బహుమతి అబ్బాయే ఎదురొచ్చాడు. "మేడమ్, నా ఓడలో ఇంకేమైనా తప్పులున్నాయా?" అన్నాడు. ఉంది. వాడు డెక్కు ముందు భాగాన్ని పైకి లేచినట్టు చేశాడు. అది సీ హారియర్లు ఎగరడానికి వాలుగా కట్టిన మెట్ట. విక్రాంత్‌కి అది 1980ల చివర్లో వచ్చింది. సీహాక్‌లు 1983లోనే సెలవు తీసుకున్నాయి. ఆ రెండూ ఒకే డెక్కు మీద ఎప్పుడూ కలిసి లేవు. అమ్మమ్మ పెళ్ళి ఫోటోలో మనవరాల్ని నిలబెట్టినట్టన్న మాట! చెప్తే వాడు పకపకా నవ్వి, "అయితే మెట్ట పీకేస్తా" అన్నాడు.

ఇప్పుడెలా చూస్తానంటే...

ఆ తర్వాత కూడా నన్ను రెండు మూడు చోట్లకి పిలిచారు. ఇప్పుడు నా పద్ధతి మారింది. మీ ఇంట్లోనూ పిల్లలు ఇలాంటివి చేస్తుంటే ఉపయోగపడుతుందని చెప్తున్నాను.

ముందు భూతద్దం పక్కన పెట్టేస్తాను. బొమ్మని అడుగు దూరం నుంచి చూస్తాను. 1/700 కొలతలో అడుగు దూరం అంటే అసలు విమానాన్ని 210 మీటర్ల దూరం నుంచి చూసినట్టు. అంత దూరం నుంచి ఏం కనిపిస్తుందో బొమ్మలోనూ అదే కనిపించాలి. మేకులూ, రేకుల గీతలూ కనిపిస్తాయా? కనిపించవు. లెక్క కడితే ఇంకా తమాషా. బొమ్మ మీద 1 మిల్లీమీటరు అంటే అసలులో 70 సెంటీమీటర్లు. ఆ అబ్బాయి గీసిన సన్న గీత మిల్లీమీటరులో పదో వంతే అనుకున్నా, అసలు విమానం మీద 7 సెంటీమీటర్ల గాడి! చెయ్యి దూరిపోతుంది. గీతలు లేని ఆ అమ్మాయి విమానమే నిజానికి దగ్గర.

రెండోది రూపురేఖ. 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లల చేత 5 లక్షల విమానాల బొమ్మలు చేయించాలని పూనుకుంది. ఆకాశంలో వచ్చేది మనదా శత్రువుదా అని సైనికులు గుర్తుపట్టడం నేర్చుకోడానికి. అవి 1/72 కొలతలో చేసిన కాస్త పెద్ద బొమ్మలు. వాటికి రంగులూ గుర్తులూ లేవు, మొత్తం నల్ల రంగే. ఆకారం ఒక్కటే సరిగ్గా ఉండాలి. అది తప్పితే సొంతవాళ్ళ మీదే కాల్పులు జరగొచ్చు కదా! అందుకే నేనూ బొమ్మని కిటికీ వెలుతురుకి ఎదురుగా పెట్టి నీడలా చూస్తాను. నీడలోనే ఇది సీహాక్, ఇది అలీజే అని తెలిసిపోతే సగం మార్కులు అక్కడే.

మూడోది మందం. ఏటీఎం కార్డు ముప్పావు మిల్లీమీటరు ఉంటుంది. దాన్ని అలాగే రెక్కగా పెడితే అసలులో అర మీటరు మందం రెక్కన్నమాట. మొత్తం అరగదీయక్కర్లేదు. అంచులు సన్నం చేస్తే చాలు, కంటికి రెక్కంతా పల్చగా కనిపిస్తుంది. కజ్జికాయ అంచు నొక్కినట్టే.

నాలుగోది నిలబడ్డ తీరు. మూడు చక్రాలూ నేలకి ఆనాలి. ముడిచిన రెక్కలు రెండూ ఒకే వాలులో ఉండాలి. వరసలో పెట్టిన నాలుగు విమానాల్లో ఒకటి ముక్కు ఎత్తి, ఒకటి దించి ఉంటే, ఒక్కోటి విడిగా ఎంత బాగున్నా వరస పాడవుతుంది. ముగ్గు చుక్కల్లో ఒకటి తప్పినట్టే.

అయిదోది కాలం. ఏ ఏడాది డెక్కు చేశావు అని అడుగుతాను. ఓడా, విమానాలూ ఒకే ఏడాదివి కావాలి.

రంగు ఆఖర్న చూస్తాను. దూరం నుంచి చూసే ఏ రంగైనా కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది, సముద్రం మీద మరీను. సీసాలో రంగు సీసాలోలాగే పూస్తే బుల్లి బొమ్మ మరీ ముదురుగా, ఆటబొమ్మలా ఉంటుంది. కాస్త తెలుపు కలపాలి. మెరుపు వద్దు. ఆ పిల్ల విమానాలు వెలిసినట్టుండటం కూడా తెలివైన పనే, నాకే తెలియలేదు.

వీటన్నిటికంటే ముఖ్యమైంది ఇంకొకటుంది. మార్కు తీసేముందు పిల్లల్ని అడుగుతాను. "ఇది ఎక్కడ చూసి చేశావమ్మా? నాకు చూపించు." ఆ ఒక్క ప్రశ్న ఆ రోజు అడిగుంటే ఆ ఫోటో బయటికి వచ్చేది. 'నాకు తెలిసినట్టు లేదు' అనడం వేరు, 'తప్పు' అనడం వేరు. ఆ రెండింటికీ తేడా తెలియని మనిషి చేతిలో భూతద్దం ఉన్నా ఏం లాభం?

అసలు విక్రాంత్ ఇప్పుడు లేదు. వెళ్ళి సరిచూసుకుందామంటే ఏ రేవులోనూ దొరకదు. అందుకే అడుగు పొడవు బొమ్మే అయినా, ఉన్నది ఉన్నట్టు ఉండాలని నా పంతం. రేపు మా మనవలు మా షోకేసు చూసే 'ఓహో, ఇలా ఉండేదా' అనుకుంటారు మరి! నా ఆరు సీహాక్‌ల తోకలూ పూడ్చేశాను. రెక్కల మొదట్లో రెండేసి చుక్కలు పెట్టాను. మావారు చూసి, "ఇప్పుడు బాగుందే" అన్నారు. ఆయనకి తేడా ఏం తెలిసిందో ఆ దేవుడికే ఎరుక.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకొస్తే మా ఇంటికి రాకుండా వెళ్ళదు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో కొత్త విక్రాంత్ నేవీలో చేరిందిగా, 262 మీటర్ల ఓడ. మన కొలతలో 37 సెంటీమీటర్లు దాటుతుంది. ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. ఓడ నాది, విమానాలు తనవి. మిగ్-29కె విమానాలు మొన్నే పూర్తి చేసి, డబ్బా మూతలో దూది మీద పెట్టి తెచ్చింది. భూతద్దం కోసం నేను చెయ్యి చాచేలోపే ఫోటో తీసి ముందర పెట్టింది.

"ఆంటీ, మార్కులు తీసేముందు ఇది చూడండి. వీటికి మాత్రం తోకలో కన్నాలుంటాయి. ఒకటి కాదు, రెండు!"